నేర్పిన మాట

సూదిలో దారం ఎక్కించడానికి నీలమ్మ మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారీ తప్పిపోయేసరికి జాస్మిన్ చెయ్యి చాపింది. నీలమ్మ వద్దన్నట్టు తల ఊపి, దారం కొసను పెదవుల మధ్య తడిపి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి తనే ఎక్కించుకుంది. ఆవిడ ఒళ్ళో ఎవరిదో వంకాయరంగు పట్టుచీర ఉంది. దానికి ఫాల్ కుడుతోంది. కుడికాలు బారజాపి, మోకాలి కింద దుప్పటి మడత పెట్టుకుంది. ఎడమకాలు మడవగలదు గానీ ఎక్కువసేపు కాదు.

ఖాజాగూడలో చెరువు వైపు పోయే సందులో, మూడో అంతస్తులో ఒంటిగది అది. దిగితే మళ్ళీ ఎక్కాలి కాబట్టి నీలమ్మ వారానికోసారి తప్ప కిందికి పోదు. చీరలిచ్చేవాళ్ళే పైకి వచ్చి ఇచ్చిపోతారు. భర్త రామన్న ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. పగలు ఇంట్లో ఉండడు. కిటికీలోంచి బండల గుట్టా, దాని భుజం మీదుగా గాజు మేడలూ కనిపిస్తాయి. అందులో ఎడమ చివరి మేడలో నాలుగేళ్ళ కిందటి దాకా తను నేల తుడిచేదాన్నని నీలమ్మ సూది మొనతో చూపించి చెప్పింది.

జాస్మిన్ రికార్డరును ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టింది. ఎర్ర దీపం వెలిగిందో లేదో రెండుసార్లు చూసుకుంది. గచ్చిబౌలిలోని ఒక జీవవైద్య నీతి కేంద్రంలో ఆరు నెలల శిక్షణలో ఉంది తను. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించేటప్పుడు అందులో చేరినవాళ్ళు ఏం అర్థం చేసుకుని సంతకం పెడతారో వాళ్ళ నోటినుంచే వినాలి. విన్నదాన్ని బట్టి ఏది న్యాయమో ఏది కాదో వాదించి రాయాలి. శిక్షణంటే అదే. ఇది పదిహేడో ఇంటర్వ్యూ. పద్ధతి ప్రకారం కాగితం మొత్తం చదివి వినిపించింది. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదని, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేస్తానని చెప్పింది. నీలమ్మ కుట్టు మీంచి కళ్ళెత్తకుండానే అంతా వింది.

మోకాళ్ళ నొప్పులకు కొత్త మందు అన్నారట. కరోనా తగ్గీ తగ్గని రోజులు. ఆస్పత్రిలో అందరికీ మూతులకు మాస్కులే. మెట్ల కింద ఆకుపచ్చ కర్టెన్ వేసిన చిన్న గదిలోకి తీసుకుపోయారట. గోడకు మోకాలి బొమ్మ ఉండేదట, ఒక మూల చిరిగి.

ఆ చిరిగిన మూల జాస్మిన్‌కు తెలుసు. దాన్ని టేపుతో అతికించింది తనే. ఇది తను ఇదివరకు పనిచేసిన ఆస్పత్రేనని ఆ క్షణం దాకా తట్టలేదు.

"కాగితాలు బొచ్చెడున్నయి," అంది నీలమ్మ. "ఆ పిల్ల చదివింది. తెల్లకోటు ఏసుకున్న పిల్ల. నాకేం ఎక్కలే. సంతకం పెట్టాల్నా వద్దా అని సూస్తున్న. అప్పుడు నా చెయ్యి పట్టుకున్నది. అమ్మా, నీ కడుపున పుట్టిన బిడ్డ చెప్తుందనుకో అన్నది. నాకు పిల్లలు లేరు బిడ్డా. ఇగ ఏం ఆలోచన చెయ్యలే. పెట్టిన."

జాస్మిన్ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. తర్వాత ఏం అడగాలో పక్కన ప్రశ్నల పట్టికలో రాసే ఉంది. అయినా వెతుక్కోవలసి వచ్చింది.

అంతకుముందు వాడే గోలీలు బంద్ చెయ్యమన్నారట. చేసిందట. మొదటి నెల నొప్పి తగ్గలేదు. మంచి మందు కదా, మెల్లగా పనిచేస్తుందేమో అనుకుంది. రెండో నెలకు బకెట్ ఎత్తడం కష్టమైంది. మూడో నెల చాలిస్తానని ఆ పిల్లతో అంటే, ఆర్నెల్లు పూర్తి చెయ్యమ్మా అని బతిమాలిందట. సూపర్‌వైజరు కొన్నాళ్ళు చూసి రేపట్నుంచి రావొద్దన్నాడు. ఇదంతా నీలమ్మ కోపం లేకుండా, కుట్టు తప్పకుండా చెప్పింది. ప్రతి నాలుగు కుట్లకూ చీర బోర్లించి, పైవైపు దారం కనిపిస్తోందేమో వేలితో తడిమి చూసుకుంటోంది.

"అంతా అయినంక సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త గోలీ అన్నరు. ఉత్త గోలీల మందే ఉండదంట గదా. నాది ఏందో చెప్పలే. అప్పట్నుంచి గదే సోంచాయిస్త. మందే ఏస్కొని గిట్ల అయ్యిన్నా, మందు లేక అయ్యిన్నా అని. నువ్వు పెద్ద ఆఫీసుల ఉంటవు, జర కనుక్కుంటవా?"

"కనుక్కుంటానండి," అంది జాస్మిన్.

*

గంట మాటను టైపు చెయ్యడానికి ఐదు గంటలు పడుతుంది. బుధవారం పొద్దున్నే కేంద్రానికి వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది జాస్మిన్. నలభయ్యొకటో నిమిషంలో నీలమ్మ 'పెట్టిన' అన్నాక మౌనం వచ్చింది. మౌనాలను కూడా రాయాలన్నది నియమం. గడియారం చూసి లెక్కపెట్టి 'పరిశోధకురాలు, ఏడు సెకన్లు మౌనం' అని టైపు చేసింది. కాసేపు దానివంక చూసి, 'పరిశోధకురాలు' అన్న మాట కొట్టేసింది. ఇప్పుడా మౌనం నీలమ్మదిలా కనిపిస్తోంది. ఫైలు భద్రపరిచింది.

ఆ మాట తనది. అందులో అనుమానం లేదు. ఆ ఆస్పత్రిలో రెండేళ్ళు పనిచేసింది. మందు పరీక్షలో చేరేవాళ్ళకు కాగితాలు చదివి వినిపించి సంతకాలు తీసుకునే కోఆర్డినేటరు ఉద్యోగం. మాస్కుల వెనక చూసిన అన్ని ముఖాల్లో నీలమ్మది గుర్తులేదు. మొదట్లో జనం సగంలోనే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. 'మీ కడుపున పుట్టిన పిల్ల చెప్తోందనుకోండి' అని ఒకసారి అనుకోకుండా నోట్లోంచి వచ్చింది. ఎదురుగా ఉన్న పెద్దావిడ పెన్ను అందుకుంది. ఆ తర్వాత అది అనుకోకుండా రావడం మానేసింది.

మధ్యాహ్నం రెండింటికి అందరూ పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. శిక్షణలో ఎనిమిది మంది. అందరికీ గురువు డాక్టర్ రోహిణి. వైద్యం చదివి, ఇరవయ్యేళ్ళు ఆస్పత్రుల్లో చేసి, తర్వాత ఇటు వచ్చిన మనిషి. ఆవిడ బోర్డు మీద ఎప్పుడూ రెండు నిలువు వరుసలు గీస్తుంది. ఒకదాని మీద 'ఏం జరిగింది', రెండోదాని మీద 'ఏం జరగాల్సింది'. మొదటి వరుస నిండకుండా రెండోదానిలో ఒక్క అక్షరం రాసినా చెరిపేస్తుంది.

జాస్మిన్ నీలమ్మ మాటలను చదివి వినిపించింది. చదివేటప్పుడు తన గొంతు మామూలుగానే ఉండడం తనకే వింతగా అనిపించింది.

హేమంత్ ముందుకు వంగాడు. తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి వచ్చినవాడు. ఆవేశం ఎక్కువ గానీ మంచివాడు. ఇందులో అబద్ధం లేదు, బెదిరింపు లేదు, అయినా ఇది అన్యాయం, ఎందుకన్నదే ప్రశ్న, అన్నాడు. లేని చుట్టరికాన్ని కల్పించి, ఆ చుట్టరికంలో కాదనలేని పరిస్థితి తెచ్చిపెట్టారు. ఆ కోఆర్డినేటరు చేసింది దొంగతనం లాంటిదేనన్నాడు. మిగతావాళ్ళు నోట్సు రాసుకుంటున్నారు.

"దీనికి పేరేం పెట్టావు?" అని రోహిణి అడిగింది. విన్న మాటల్లోంచి పదే పదే కనిపించే సంగతికి ఒక పేరు పెట్టుకోవడం పద్ధతి.

"అరువు చుట్టరికం," అంది జాస్మిన్.

రోహిణి లేచి వెళ్ళి ఆ రెండు మాటలనూ బోర్డు మీద రాసింది. అలా రాయడం ఈ నాలుగు నెలల్లో ఎవరికీ జరగలేదు. శుక్రవారం అందరి పనీ వినడానికి బయటినుంచి పెద్దలు వస్తున్నారు. ఎనిమిది మందిలో ఇద్దరిని వచ్చే ఏడాదికి ఉంచుకుంటారు. మొదట జాస్మినే మాట్లాడాలని రోహిణి అక్కడికక్కడే చెప్పింది.

"ఆ కోఆర్డినేటరు ఎవరో మనకు తెలుసా? ఆ అమ్మాయితోనూ మాట్లాడితే బాగుంటుంది," అని అడిగింది.

"తెలియదు మేడం."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. ఎవరూ ఆమెవైపు తిరిగి చూడను కూడా లేదు.

ప్రతి వ్యాసానికీ మొదట ఒక పేజీ ఉండాలి. రాసేవాళ్ళు ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తున్నారు అన్న పేజీ. సాయంత్రం జాస్మిన్ అది రాయడానికి కూర్చుంది. 'ఈ పరిశోధకురాలికి మందు పరీక్షల రంగంలో రెండేళ్ళ అనుభవం ఉంది' అని రాసింది. అందులో తప్పేమీ లేదు. ఇంకో వాక్యం రాయబోయి, అక్షరాలు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి, చివరికి కంప్యూటరు మూసేసింది. లింగంపల్లి వెళ్ళే బస్సులో నిలబడి ఇంటికి పోతున్నంతసేపూ హేమంత్ అన్న మాటే చెవిలో తిరిగింది. దొంగతనం లాంటిది. తను 'లాంటిది' అన్న మాట పట్టుకుని వేలాడుతోందని కొండాపూర్ దాటాక గ్రహించింది.

ఇంట్లో తల్లి గ్రేస్ డ్యూటీకి తయారవుతోంది. ముప్పయ్యేళ్ళుగా నర్సు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, బాగానే ఉందంది జాస్మిన్. కాసేపాగి, ఎవరికైనా నీ వల్ల కష్టం కలిగితే చెప్పేస్తావా అమ్మా అని అడిగింది. గ్రేస్ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, చెప్తే వాళ్ళకు మేలయ్యేదైతే చెప్తానంది. వాళ్ళకు మేలు కాకపోతే అని జాస్మిన్ అడగలేదు. గ్రేస్‌కు అప్పటికే ఆలస్యమైంది.

*

గురువారం పది గంటలకు జాస్మిన్ మళ్ళీ ఆ మెట్లు ఎక్కింది. రికార్డరు తేలేదు. నీలమ్మ ఇవాళ ఆకుపచ్చ చీరతో కూర్చుని ఉంది. అప్పుడే మందు సంగతి తెలిసిందా అని ముఖం విప్పార్చింది. ఇంకా లేదండి అని, జాస్మిన్ చాప మీద కూర్చుంది. చెప్పవలసిన మాటలను దారిలో వరుసగా పేర్చుకుంది గానీ, ఒకటీ ఆ వరుసలో రాలేదు.

"నీలమ్మగారూ, మొన్న మీరు చెప్పిన ఆస్పత్రిలో నేనూ పనిచేశానండి. ఆ రోజుల్లోనే. సంతకాలు తీసుకునే పని నాది. మీ చెయ్యి పట్టుకుని ఆ మాట అన్నది నేనేనండి."

నీలమ్మ ఆమెను తేరిపార చూసింది. సూది చీరలో గుచ్చి వదిలేసి, కొంచెం ముందుకు వంగి, జాస్మిన్ ముక్కు కింది భాగం తన కళ్ళకు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. తర్వాత నవ్వింది.

"నువ్వు కాదు బిడ్డా."

"నేనేనండి. మాస్కు ఉండబట్టి మీకు..."

"మాస్కుకేమి, మాటుంటది గదా. నువ్వు అండీ అండీ అంటవు, ఆంధ్ర దిక్కు మాట. ఆ పిల్ల మా దిక్కు పిల్ల. వనపర్తి. మాది కొత్తకోట. ఊరి పేరు చెప్పంగనే ఇద్దరం దగ్గరైపోయినం. పొట్టిగుంటది. నువ్వెందుకైతవు?"

జాస్మిన్ ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. నిజంగానే తేలికైంది, భుజాలు కిందికి దిగాయి, ఊపిరి లోపలిదాకా పోయింది. తను కాదు. రెండు రోజులుగా మోస్తున్నది తనది కాదు. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందో గానీ, అది పోతుండగానే వనపర్తి అన్న మాట లోపల ఎక్కడో తగిలింది.

పొట్టిగా ఉండే వనపర్తి పిల్ల రేఖ.

ఆస్పత్రిలో జాస్మిన్ చివరి ఆరు నెలలూ సంతకాలు తీసుకోలేదు. కొత్తగా చేరిన కోఆర్డినేటర్లకు నేర్పింది. ఆమె దగ్గర సంతకాలు పెట్టేవాళ్ళ సంఖ్య చూసి పైవాళ్ళే ఆ పని అప్పజెప్పారు. ఒకరు రోగిగా, ఒకరు కోఆర్డినేటరుగా కూర్చుని అభ్యాసం చేసేవాళ్ళు. రేఖ మొదటి రోజు ఆ మాట అనలేక నవ్వేసింది. సిగ్గుగా ఉందక్కా అంది. నవ్వు రాకుండా చెప్పగలిగేదాకా జాస్మిన్ ఆమె చేత అనిపించింది. చెయ్యి ఎప్పుడు పట్టుకోవాలో కూడా చూపించింది. పేజీ తిప్పినప్పుడు కాదు, పెన్ను ఇచ్చేముందు.

నీలమ్మ మళ్ళీ సూది తీసుకుంది. ఇక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"ఆ అమ్మాయికి ఆ మాట నేర్పింది నేనేనండి," అంది జాస్మిన్.

"ఏ మాట?"

"కడుపున పుట్టిన బిడ్డ అన్న మాట. చెయ్యి పట్టుకోవడం. అవన్నీ నేను నేర్పానండి. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ."

నీలమ్మ చేతిలో సూది ఆగింది. కింద సందులో ఎవరో బండి స్టార్టు కాక కిక్కు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగినా ఆవిడ అలాగే ఉంది.

"నేర్పిచ్చిన్రా?" అంది చివరికి. "అది నేర్పిచ్చేటిదా?"

జాస్మిన్ తల దించుకుంది.

"గోలీలు పనిచెయ్యకపాయె. పని పాయె. పోతే పోనీ అనుకున్న. అయినా ఆ పిల్ల మనసుకు అన్నదనుకున్న బిడ్డా. దవాఖానోళ్ళు ఎట్లన్న ఉండనీ, ఆ పిల్ల మాత్రం మంచిదనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న."

క్షమించండి అనడానికి జాస్మిన్ నోరు తెరిచింది. ఇప్పుడా మాట ఎవరికి ఉపయోగమో తోచక ఆగిపోయింది. తనకు రావలసింది రెండు తిట్లు అనుకుని వచ్చింది. ఆవిడ దగ్గర మిగిలిన ఒక్క నమ్మకాన్నీ తీసుకుపోతానని అనుకోలేదు.

నీలమ్మ చీర మడిచింది. సగం కుట్టిన ఫాల్ వేలాడుతుంటే దాన్ని లోపలికి తోసి పక్కన పెట్టింది. ఇదంతా నీ కాగితంలో రాస్తావా అని అడిగింది. మీరు వద్దంటే రాయనండి అంది జాస్మిన్. నీలమ్మ గోడకు జారబడింది. రాయాలో వద్దో ఆవిడ చెప్పలేదు.

"ఆ పిల్లను ఒకసారి తోల్కరా," అంది. "నేనే అడుగుత."

*

శుక్రవారం తొమ్మిదింటికి రోహిణి గది తలుపు తట్టింది జాస్మిన్. నిలబడే చెప్పింది. ఆస్పత్రి, మాట, నేర్పడం, బుధవారం ఆడిన అబద్ధం, నిన్న ఖాజాగూడ వెళ్ళడం, అన్నీ వరుసగా. రోహిణి మధ్యలో ఆపలేదు. తినడానికి తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం విప్పకుండా బల్ల మీద అలాగే ఉంచింది.

"ఎక్కడ పనిచేశావో మొదటి రోజే చెప్పి ఉంటే ఆ ఇంటికి వేరేవాళ్ళను పంపేదాన్ని," అంది రోహిణి. "బుధవారం చెప్పినా సర్దుకునేవాళ్ళం. సరే. నిన్న అక్కడికి ఎందుకు వెళ్ళావు?"

"నిజం చెప్పాలని మేడం."

"ఎవరి కోసం?"

జాస్మిన్ విప్పని ఇడ్లీ పొట్లం వైపు చూసింది.

"ఆవిడకు ఏం కావాలో అడిగి వెళ్ళావా? మన నీతి కమిటీకి చెప్పావా, నాకు చెప్పావా? నీకు బరువుగా ఉంది, దించుకోవడానికి వెళ్ళావు. ఆవిడ మెట్లు దిగలేదు కాబట్టి ఎక్కడికీ పోలేదు, కూర్చుని వింది." రోహిణి గొంతు పెంచలేదు. "ఇంకొకటి. ఆ రేఖ అన్న మాట అబద్ధమని ఆవిడతో చెప్పి వచ్చావు. రేఖను అడిగావా?"

"నేర్పింది నేనే కదా మేడం."

"నేర్పావు సరే. ఆ అమ్మాయి ఆ రోజు ఏం అనుకుని అందో నీకెలా తెలుసు? బోర్డు మీద మొదటి వరుస నింపకుండా రెండోది రాసేశావు."

నీలమ్మ ఇంటర్వ్యూను అధ్యయనంలోంచి పక్కన పెట్టాలని, నీతి కమిటీకి జరిగింది జరిగినట్టు ఈ రోజే రాసి ఇవ్వాలని చెప్పింది రోహిణి. పదకొండింటికి బయటి పెద్దలు వచ్చారు. జాస్మిన్‌కు ఇచ్చిన ఇరవై నిమిషాల్లో ఆమె మూడే నిమిషాలు మాట్లాడింది. తాను ఒక విషయం దాచానని, ఆ విషయం తన పరిశీలనకే అడ్డమని, కాబట్టి ఇవాళ చూపించడానికి ఏమీ లేదని చెప్పి కూర్చుంది. పెద్దల్లో ఒకాయన మర్యాదగా దగ్గాడు. తర్వాత హేమంత్ మాట్లాడాడు, బాగా మాట్లాడాడు. తన కాగితంలో 'దొంగతనం' అన్న మాట ఉన్న చోట ఒక క్షణం తడబడి, దాన్ని దాటేసి కింది వాక్యానికి వెళ్ళాడు. అది అతను జాలిపడి చేశాడు. జాస్మిన్‌కు అది తిట్టుకన్నా కష్టంగా తోచింది. వచ్చే ఏడాదికి ఉంచుకున్న ఇద్దరిలో అతనొకడు.

భోజనాల వేళ వరండాలోకి వచ్చి రేఖకు ఫోన్ చేసింది. రేఖ ఇంకా ఆ ఆస్పత్రిలోనే ఉంది. ఇప్పుడు కొత్తవాళ్ళకు నేర్పేది ఆమే. జాస్మిన్ చెప్పిందంతా విని, నీలమ్మ పూర్తి పేరు ఒకసారి అడిగింది. కొత్తకోట ఆమెనా అంది. రేపు శనివారం మధ్యాహ్నం వస్తానని చెప్పి పెట్టేసింది.

*

రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర రేఖ చేతిలో ఒక కవరుతో నిలబడి ఉంది. నాలుగేళ్ళలో కొంచెం ఒళ్ళు చేసింది. అక్కా అని పలకరించింది గానీ దగ్గరకు రాలేదు. ఆటో ఎక్కాక జాస్మిన్ తను రెండు రోజులుగా అనుకుంటున్నది మొదలుపెట్టింది. తప్పంతా తనదేనని, నేర్చుకున్నవాళ్ళదేం లేదని, నీలమ్మతో కూడా అదే చెబుతానని అంది. పన్నెండు మందికి నేర్పింది, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట్లాడాలనుకుంటోంది.

రేఖ చాలాదూరం వింది. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు ఇటు తిరిగింది.

"నువ్వు నేర్పిన మాటే అక్కా, కాదన. అందరితోని అదే అన్న. ఆమె కొత్తకోట అని చెప్పినంక నోట్లకెళ్ళి వచ్చింది మాత్రం, నేర్చుకున్నదో కాదో నాకే తెల్వదు. హాస్టల్ల ఉంటుంటి అప్పుడు. వచ్చినప్పుడల్లా సర్వపిండి చేసి డబ్బాల తెచ్చేది నాకు."

పచ్చ దీపం పడింది. ఆటో కదిలింది. రేఖ గాలికి ఎగిరే చున్నీని ఒళ్ళోకి లాక్కుంది.

"మూడో నెల నొప్పి ఎక్కువైందని ఏడ్చింది. ఆమెను బయటికి తీసేద్దామని డాక్టరుకు చెప్పిన. చాలామంది మధ్యల పోయిన్రు, ఈమెను ఉంచు అన్నడు. నేను పోయి ఆర్నెల్లు పూర్తి చెయ్యమ్మా అన్న. చెయ్యి పట్టుకొనే అన్న. ఆ మాట నువ్వు నేర్పలే. నువ్వు అప్పటికే పోయినవు. అది నేనే అన్న, తెలిసి అన్న." ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. "అన్నీ నీ మీద ఏసుకోకు అక్కా. నాది నాకు ఇడిసిపెట్టు."

సందు మొదట్లో ఆటో దిగారు. నడుస్తుండగా చేతిలో కవరు సంగతి అడిగింది. నిన్ననే నీలమ్మకు ఫోన్ చేశానని రేఖ చెప్పింది. ఏ గోలీ వేసుకున్నారో పరీక్ష అయిపోయాక అడిగితే చెప్పాలని నిబంధన ఉంది. అడగొచ్చన్న సంగతే ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. ఫోన్‌లో ఆవిడ చేత అడిగించి, పొద్దున్నే పెద్ద డాక్టరు సంతకంతో కాగితం తెచ్చింది.

"ఏది వచ్చింది?" అని జాస్మిన్ అప్రయత్నంగా అడిగింది.

"ఆమెది గదా," అంది రేఖ. "ఆమెకు చెప్త."

మూడో అంతస్తులో తలుపు తీసే ఉంది. నీలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన చీరలేవీ లేవు. మంచి రవిక తొడుక్కుంది, తల దువ్వుకుంది. రేఖ గుమ్మంలో చెప్పులు విప్పి అక్కడే నిలబడిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి ఎవరి ముఖానికీ మాస్కు లేదు. నీలమ్మ ఏమీ అడగలేదు. చాప మీద పక్కన చేత్తో తట్టి చూపించింది. రేఖ వెళ్ళి కూర్చుంది. కవరు ఒళ్ళో పెట్టుకుని, చేతులు రెండూ ఆ కవరు మీదే ఉంచుకుంది. నీలమ్మ చెయ్యి పట్టుకోలేదు.

"తలుపు జర దగ్గరికెయ్యి," అంది నీలమ్మ. ఎవరితో అందో చెప్పనక్కర్లేకపోయింది. జాస్మిన్ బయటినుంచే తలుపు దగ్గరకు లాగింది.

మెట్ల మీద కూర్చుంది. లోపల మాటలు మొదలయ్యాయి. కొత్తకోట, వనపర్తి మాటలు, మెల్లగా. ఏమంటున్నారో వినబడలేదు. వినడానికి ప్రయత్నిస్తున్నానని గ్రహించి నాలుగు మెట్లు కిందికి దిగి కూర్చుంది. ఒకసారి కాగితం చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మౌనం ఎవరిదో, ఎంతసేపో లెక్కపెట్టడం అలవాటైన మనిషి, లెక్కపెట్టకుండా ఉండడానికి గోడ మీద పెచ్చులు లేచిన సున్నాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత మళ్ళీ మాటలు వినిపించాయి, ఈసారి నీలమ్మవే ఎక్కువ. గొంతు ఒకసారి పెరిగింది. రేఖ ఏదో అంది. స్టవ్ వెలిగించిన చప్పుడు వచ్చింది.

లోపలికి రమ్మని పిలుస్తారేమోనని జాస్మిన్ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. ఎవరూ పిలవలేదు.

ఎంతసేపటికో తలుపు కొంచెం తెరుచుకుంది. నీలమ్మ గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ చెంబుతో బయటి పీపా దగ్గరకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు ముంచుకుని తిరగబోతూ కింద మెట్ల మీది మనిషిని చూసింది. గుర్తుకు రావడానికి ఆవిడకు ఒక క్షణం పట్టింది.

"నువ్వింక పోలేదా?"

కోపంగా అనలేదు. వేళ మించిపోయిందే అన్నట్టు అంది.

"పోతున్నానండి," అంది జాస్మిన్.

నీలమ్మ తల ఊపి లోపలికి వెళ్ళింది. జాస్మిన్ గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.